సగం గుడ్డు

సూపర్‌వైజర్ మేడం గారికి, బోధన్ దగ్గరి మా ఊరి అంగన్‌వాడీ టీచరు నమస్కారాలు.

మొన్న మీరు తనిఖీకి వచ్చినప్పుడు గిన్నె మూత కింద ఉడికిన గుడ్డు సగం ముక్క కనిపించిందని సంజాయిషీ రాయమన్నారు. అది నేను దాచుకున్నది కాదు మేడం.

చలికాలంలో నాందేడ్ వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చినవాళ్ల పాప కోమల్ మా సెంటర్‌కు వచ్చేది. మూడు నెలల్లో పోతారు గదా అని నేనే ఆమె పేరు రిజిస్టర్‌లో ఎక్కించలేదు. పేరు లేదు కాబట్టి గుడ్డూ రాలేదు. అందుకే పక్కన కూర్చునే ఆశాను, నీ గుడ్డులో సగం పెట్టమన్నాను. మొదట్లో ఏడ్చింది, వీపు వెనక దాచుకుంది. పది రోజులు తిరిగేసరికి కోమల్ పక్కన లేకపోతే ముద్ద ముట్టేది కాదు. ఒకరిది మరాఠీ, ఒకరిది తెలుగు. ఏం మాట్లాడుకునేవాళ్లో గానీ ఒకటే నవ్వు.

కోతలు అయిపోయి వాళ్లు వెళ్లి నెల దాటింది. ఆశా ఇంకా సగం తీసి మూత కింద పెడుతోంది. తినమంటే, "నేను తింటే కోమల్ వచ్చినంక ఏం తింటది టీచర్?" అంటుంది.

దయచేసి దాన్ని తప్పు కింద రాయకండి. వాళ్లు మళ్లీ వస్తే మొదటి రోజే పేరు ఎక్కిస్తాను.

నిన్న హాజరు తీసుకుంటుంటే ఆశా, "కోమల్‌ను పిలువవా?" అంది. రిజిస్టర్‌లో లేని ఆ పేరు మొదటిసారి పిలిచాను. పిల్లలంతా గేటు వైపు చూశారు.

నేనూ చూశాను మేడం.