చిట్టెలుకలకు పరుపులు

కోవ్ రోడ్, మే 4

గౌరవనీయులైన బ్రాక్వే గారికి,

పక్కింట్లో ఉంటూ ఉత్తరం రాయడమేమిటని మీరు అనుకోరనే ధైర్యంతో రాస్తున్నాను. ఈ వీధిలో మనుషులు ఎదురుపడితే వాన గురించీ మంచు గురించీ మాట్లాడుకుంటారు. కష్టమైన సంగతి ఉంటే కాగితం మీద పెడతారు. నిరుడు ఆకులు రాలేటప్పుడు ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ గమనిస్తున్నాను. ఇది మంచి పద్ధతో కాదో ఇంకా తేల్చుకోలేదు.

మా చౌడర్ మీకు తెలుసు. మన మధ్య రాతిగోడ కూలిన చోట, ఆ సందులోంచి రోజూ మీ వైపు వచ్చే ముసలి లాబ్రడార్. కొన్నాళ్ళుగా కుంటుతున్నాడు. మొదట ముందు కాలు, అది తగ్గిందనుకుంటే వెనక కాలు. మొన్న మెట్టు ఎక్కలేక వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి లైమ్ జబ్బు అని చెప్పింది. పిడుదు కుడితే వచ్చేది. నెల రోజులకి మందు రాసింది. "కాళ్ళ గురించి నాకు భయం లేదు. మూత్రపిండాలకి పాకితే మాత్రం నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు" అంది. మూత్రం పట్టి తెమ్మంది.

అందుకని పెరడంతా శుభ్రం చేస్తున్నాను. గోడ వెంబడి, నా వైపు, టాయిలెట్ పేపరు అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలు కనిపించాయి. లోపల దూది కుక్కి ఉంది. గాలికి కొట్టుకొచ్చాయేమో అనుకున్నాను, కానీ గాలి అంత వరసగా పేర్చదు కదా. అవి ఇప్పుడు అక్కడ లేవు. ఇకమీదట ఆ సంగతి మీరు చూసుకుంటారని ఆశిస్తాను.

ఇట్లు,
గోడకి ఇవతలి
మిరియం టెడెస్కో

తా.క. చౌడర్ మీ వరండాలోకి వచ్చినప్పుడు ఏమైనా పెడుతున్నారా? అనుమానం కొద్దీ అడగడం లేదు. అనుమానమేనేమో, తెలియదు.

* * *

కోవ్ రోడ్, మే 8

అమ్మాయ్ మిరియం,

నీ ఉత్తరం నిన్న అందింది. నీ పెట్టెకీ నా పెట్టెకీ మధ్య మేక దూకేంత దూరం. కానీ స్టాంపు లేని కాగితం పెట్టెలో కనబడితే మన పోస్టుమాన్‌కి ఒళ్ళు మండుతుంది. స్టాంపు అంటిస్తే అది హార్ట్‌ఫర్డ్ పట్నం దాకా వెళ్ళి, ముద్ర గుద్దించుకుని, తీరిగ్గా వస్తుంది. నువ్వు ఏడుస్తూ రాసింది నేను చదివేసరికి నీ కళ్ళు ఆరిపోయి ఉంటాయి.

పాపం చౌడర్! వాడు కుంటడం నేనూ చూశాను. అందుకే ఈ ఏడు నీ వైపు కూడా గొట్టాలు పెట్టాను. నీకు ముందున్నవాళ్ళు పెట్టనిచ్చేవారు కాదు. నువ్వు కాలేజీలో చెప్పేదానివి, నీకు వేరే వివరించాలా అనుకున్నాను. అప్పుడే ఖాళీ అయ్యాయా? గొట్టాలతో సహా? నా వైపు చిట్టెలుకలు దూది పీక్కుపోయి అట్ట వదిలేస్తాయి. మీ వైపువి మహా బలశాలులు! వాటికి మెత్తటి పక్కలంటే ప్రాణం, ఎంత పెట్టినా చాలదు.

నువ్వు చూసుకోమన్నావు గనక నిన్న సాయంత్రమే రెండింతలు పెట్టేశాను. చర్చిలో కూడా చెప్పాను, అందరూ గొట్టాలు దాచి తెస్తున్నారు. పాస్టరు గారింట్లో ఆరుగురు పిల్లలు, కొరతేమీ లేదు.

దిగులు పడకు.

మీ పక్కింటి
విన్నీ బ్రాక్వే

తా.క. చౌడర్‌కి నేనేమీ పెట్టను. వాడొచ్చి కూర్చుంటాడు, నేనూ కూర్చుంటాను.

ఇంకో తా.క. నీ ఇంట్లో గొట్టాలు పారేయకు. ఒక్కదానివే అనుకో, అయినా వారానికొకటి రాదూ?

* * *

కోవ్ రోడ్, మే 12

గౌరవనీయులైన బ్రాక్వే గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి, నేనే అపార్థం చేసుకున్నానేమో, ఎక్కడైనా వేరే అర్థం దాక్కుని ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

డాక్టరమ్మని అడిగాను. పిడుదు పుట్టినప్పుడు దాని ఒంట్లో ఈ జబ్బు ఉండదట. చిట్టెలుక రక్తం తాగినప్పుడే అంటుకుంటుందట. అది మీకు తెలియదనుకుని చెబుతున్నాను. ఆ తర్వాత నేనేం రాయాలనుకున్నానో మీరే ఊహించుకోండి. మొదట రాసిన ఉత్తరంలో అంతా రాశాను. చింపేశాను. ఇందులో మర్యాద ఒక్కటే మిగిలింది.

కాబట్టి మర్యాదగానే అడుగుతున్నాను. ఆ గొట్టాలు ఇకమీదట నా పెరట్లో నా కంట పడకూడదు. ఉన్నవాటిని గోడమీంచి మీ వైపు వేశాను. సందులో రాళ్ళు పేర్చి మూసేశాను. చౌడర్ ఇక మీ వైపు రాడు.

ఇట్లు,
మిరియం టెడెస్కో

తా.క. రాళ్ళు పేరుస్తున్నంతసేపూ వాడు పక్కన కూర్చుని చూశాడు. చివరి రాయి పెట్టబోతుంటే దానిమీద కాలు వేశాడు. ఇది మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

* * *

కోవ్ రోడ్, మే 16

అమ్మాయ్ మిరియం,

మీ డాక్టరమ్మ ఎవరో గానీ బంగారంలాంటి మాట చెప్పింది. అంతా ఆ చిట్టెలుక దగ్గరే మొదలు. అందుకే కదా నేనింత తాపత్రయపడేది! నీకూ ఆ విషయం తెలుసని ఇప్పుడు నాకు హాయిగా ఉంది.

ఇక నీ బాధ ఏమిటో నాకు అర్థమైంది, సిగ్గుపడకు. టాయిలెట్ గొట్టాలంటే చదువుకున్నవాళ్ళకి నామోషీ. మా అక్క కూడా అంతే, బాత్రూమ్ అనే మాట గుసగుసగా అనేది. నీ ఇంటికి కాలేజీవాళ్ళు వస్తారు, గోడ వెంబడి అవి కనబడితే బాగుండదు. కంట పడకూడదన్నావు. పడవు. రెండు రోజులు కూర్చుని అన్నిటికీ ఆకుపచ్చ రంగు వేశాను. రాళ్ళ కింద, పొదల్లో, నీ వెనక మెట్ల కింద కూడా దూర్చాను. నువ్వు కాలేజీకి వెళ్ళాక వచ్చి పెట్టాను, నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఇప్పుడు నువ్వు దేవులాడినా దొరకవు!

చౌడర్‌ని కదలకుండా ఉంచమని డాక్టరు చెప్పి ఉంటుంది, అందుకే సందు మూశావు. మంచిదే. కానీ సాయంత్రమయ్యేసరికి వరండా బోసిగా ఉంటోంది.

వాడికి బలానికి ఎముకలు ఉడికించి సూపు చేశాను. సీసాలో పోసి నీ గుమ్మంలో పెట్టాను.

ప్రేమతో,
విన్నీ

తా.క. సీసా తిరిగి ఇవ్వాలి సుమా. మా అత్తగారి కాలం నాటిది. మూత మాత్రం కొత్తది, తొంభైలలో కొన్నాను.

* * *

కోవ్ రోడ్, మే 22

బ్రాక్వే గారికి,

మూత్రంలో ప్రొటీన్ ఉంది. డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది. "చాలా ఉంది" అంది. "వచ్చే వారం ఇంకోసారి చూద్దాం" అనబోయే ముందు కాస్త ఆగింది. ఆ ఆగడం నన్ను ఇంకా వదలడం లేదు. చౌడర్ తిండి ముట్టడం లేదు. గిన్నె దగ్గరికి వస్తాడు, నా మనసు కష్టపెట్టకూడదన్నట్టు ఒకసారి వాసన చూస్తాడు, వెళ్ళి పడుకుంటాడు.

మీరు "అందుకే" అని రాశారు. చిట్టెలుకల వల్లే జబ్బు వస్తుందని తెలిసి, "అందుకే" పరుపులు వేస్తున్నానన్నారు. నేను కాలేజీలో తర్కం చెబుతాను. ఒక మనిషి వాక్యాన్ని ఎన్ని వైపుల నుంచి చూడాలో అన్ని వైపుల నుంచీ చూశాను. ఆ మాటకి ఇంకో అర్థం నాకు దొరకడం లేదు. పైగా రంగు పూశారు. నాకు దొరకకూడదని. నేను లేనప్పుడు వచ్చి, నా మెట్ల కింద, వాడు పడుకునే చోట పెట్టారు.

మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరాను. అన్నీ మళ్ళీ మీ వైపే ఉన్నాయి. టౌన్ హాలుకి వెళ్ళి హెల్త్ ఆఫీసరుకి ఫిర్యాదు ఇచ్చాను.

నేను పొరపాటు పడి ఉండవచ్చు. తరగతిలో ఈ మాట రోజూ అంటాను. ఇవాళ అనడానికి ఓపిక లేదు.

మిరియం టెడెస్కో

తా.క. సూపు సింకులో పారబోశాను. మీ చేతిది వాడికి పెట్టే ధైర్యం నాకు లేదు.

* * *

కోవ్ రోడ్, మే 27

గౌరవనీయులైన టెడెస్కో గారికి,

మీ హెల్త్ ఆఫీసరు వచ్చాడు. లూథర్ అని, చిన్నప్పుడు నా దగ్గర పియానో నేర్చుకున్నాడు. ఇప్పటికీ నా ఎదుట వేళ్ళు దాచుకుంటాడు.

"విన్నీ టీచర్, మీ మీద ఫిర్యాదు వచ్చింది" అన్నాడు బూట్లకేసి చూస్తూ.

"ఏమని?"

"ఎలుకల్ని పెంచుతున్నారని."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. తెల్లటి గుడ్డ ఒకటి కర్రకి కట్టి తెచ్చాడు, గడ్డిలో పిడుదులుంటే దానికి అంటుకుంటాయని. మొదట నా గడ్డి మీద ఈడ్చాడు, తిప్పి చూశాడు. ఒక్కటి కూడా లేదు. తర్వాత మీ పెరట్లో ఈడ్చాడు. మీరు ఇంట్లో లేరు, ఫిర్యాదులో అనుమతి రాసిచ్చారట. ఆ గుడ్డ కూడా తిప్పి చూశాడు. గసగసాలు చల్లినట్టు ఉంది. ఆ గసగసాలకి కాళ్ళున్నాయి.

"మీ పక్కావిడ ఈ గడ్డిలో నడవకుండా ఉంటే బాగుండు" అన్నాడు.

అప్పుడు నా గొట్టం ఒకటి తీసి చీల్చాడు. "ఈ దూదిలో మందు ఉందని ఆవిడకి చెప్పారా?"

"మందు లేకుండా ఎలుకలకి ఊరికే పరుపులు వేస్తానా? నాకేమైనా పిచ్చా?"

"టీచర్, చెప్పారా లేదా?"

నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. టీ మరిగేలోపు మీకు రాసిన ఉత్తరాలన్నీ మనసులో తిరగేశాను. పరుపుల గురించి రాశాను. పాస్టరు గారి పిల్లల గురించి రాశాను. రంగు గురించి రాశాను. మా అక్క గురించి కూడా రాశాను. మందు అనే మాట ఒక్కసారి కూడా రాయలేదు. ఈ వీధిలో అందరికీ తెలుసు గనక నీకూ తెలుసనుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ దూదిని పిడుదుల మందులో ముంచి ఆరబెడతాం. చిట్టెలుక దాన్ని గూట్లోకి మోసుకెళ్ళి పడుకుంటుంది. దానికేమీ కాదు. దాని ఒంటి మీద పిడుదులు చస్తాయి. నువ్వు ఏరి పారేసింది చౌడర్‌కి వేసిన కంచె, అమ్మాయ్. గోడమీంచి విసిరిందంతా నా వైపే పడింది. నాకు కుక్కే లేదు.

కోపంగా ఉంది. నీ మీదో నా మీదో తేలడం లేదు.

ఇంకో మాట. వాడు నా వరండాలో కూర్చునేవాడు అన్నాను కదా. కూర్చుంటే నేను చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, తోక కింద వెతికేదాన్ని. దొరికినవి పీకి స్పిరిట్‌లో వేసేదాన్ని. ఇందుకోసమే నువ్వు పంపుతున్నావనుకున్నాను. సందు మూశాక ఎవరు చూస్తున్నారు? నువ్వు చూస్తున్నావా? చెవి మడతలో కూడా?

వాడెలా ఉన్నాడు? ఒక్క మాట రాయి.

విన్నీ బ్రాక్వే

తా.క. మొదట్లో "మీరు" అని రాశాను, కోపం కొద్దీ. మధ్యలో జారిపోయింది. దిద్దను.

* * *

కోవ్ రోడ్, జూన్ 1, సాయంత్రం

విన్నీ గారూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మీ ఉత్తరం నిన్న అందింది. చదివి వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. చౌడర్ వచ్చి పక్కన పడుకుంటే చెవి మడత విప్పి చూశాను. రెండు ఉన్నాయి. నెలంతా వాడి కళ్ళలోకి చూస్తూ కూర్చున్నానే గానీ చెవుల్లోకి చూడలేదు.

ఇవాళ పొద్దున రెండో పరీక్షకి తీసుకెళ్ళాను. ఈసారి డాక్టరమ్మ తన డబ్బాలోనే, తానే పట్టింది. గంట తర్వాత మొహం ఒకలా పెట్టుకుని వచ్చింది.

"మొదటిసారి దేంట్లో పట్టి తెచ్చారు?" అంది.

"ఒక సీసాలో."

"ఖాళీ సీసాయేనా?"

"ఖాళీదే. అప్పుడే ఖాళీ చేశాను. నీళ్ళతో కడిగాను కూడా."

"అంతకుముందు అందులో ఏముంది?"

"ఎముకల సూపు" అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మిరియం గారూ, మీరు నాకు సగం ఎముకల సూపు తెచ్చి ఇచ్చారు. దాంట్లో ప్రొటీన్ లేకపోతేనే నేను భయపడాలి" అంది.

ఈసారి ఏమీ లేదు విన్నీ గారూ. మూత్రపిండాలు శుభ్రంగా ఉన్నాయి. తిండి మానేయడం మందు వల్లట, ఖాళీ కడుపున ఇస్తున్నానట. మధ్యాహ్నం గిన్నె మొత్తం నాకేసి ఇంకా ఉందా అన్నట్టు చూశాడు.

కుట్టింది ఈ వసంతంలో కాదట. కుక్కల్లో ఈ జబ్బు బయటపడడానికి నెలలు పడుతుందట. "చలికాలం పిడుదుల మందు వేశారా?" అని అడిగింది. మంచులో పురుగులేముంటాయని నవంబరులోనే ఆపేశానని చెప్పాను. మంచు కరిగిన ప్రతి రోజూ అవి లేస్తాయని ఆవిడ చెప్పింది. ఏడాదంతా వేయాల్సిందట. అంటే మీ దూదికి ముందే, నా కోపానికీ ముందే జరిగిపోయింది. మరి నేను ఇన్నాళ్ళూ ఎవరితో పోట్లాడాను? పోట్లాడడానికి ఎవరో ఒకరు ఉంటే, భయం కాస్త తక్కువగా అనిపించింది. అది కారణమే గానీ సమర్థన కాదు. క్షమించమని అడగడానికి ఇంతకంటే మంచి వాక్యం కోసం సాయంత్రమంతా వెతికాను, దొరకలేదు. క్షమించండి.

మీ సీసా ఉడకబెట్టాను, మూడుసార్లు. తిరిగి తీసుకుంటారో లేదో మీ ఇష్టం.

ఇక పోస్టులో ఎందుకు వేయలేదంటే, ఇందాక మీ గొట్టాలు ఒక్కటైనా మిగిలిందేమోనని వెతుకుతూ గోడ దగ్గర గడ్డిలో కాసేపు కూర్చున్నాను. లోపలికొచ్చి అద్దంలో చూసుకుంటే నా వీపు మీద, రెండు రెక్కల ఎముకల మధ్య, ఒక గసగస గింజ ఉంది. కుడి చేయి అందదు. ఎడమ చేయీ అందదు. చౌడర్‌కి చూపించాను. నాకాడు.

మీ
మిరియం

తా.క. మీరిది చదువుతున్నారంటే నేను మీ గుమ్మంలో, మీ ఎదురుగా, వీపు తిప్పి నిలబడి ఉన్నాను. కాగితం పక్కన పెట్టి ట్వీజరు తెండి.