అత్తగారి ‘మన’

బంటింగ్ నుంచి

అక్కకు చెల్లెలు సరస్వతి నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు పేచీ పెట్టకుండా తింటున్నారా? మేం బాగున్నాం, నా గురించి బెంగపడకు. ఇక్కడ మధ్యాహ్నం వాన, సాయంత్రం ఉక్క. అత్తగారి తాతలు ఏనాడో శ్రీకాకుళం నుంచి ఈ మలయ్ దేశానికి తోటల పనికి వచ్చారు కదా, ఆవిడ తెలుగులో సగం మలయ్ భాషే. అందుకే మాటలు కుదరక, పెళ్ళయి ఇన్నాళ్ళైనా నన్ను "ఆ బెజవాడ పిల్ల" అనే అంటారు. అది మాత్రం గుచ్చుకుంటుందే అక్కా.

పోయిన నెల ఆడపడుచు పురిటికని అత్తగారూ నేనూ ఆఫ్రికా వెళ్ళాం, ఆడపడుచు ఉంటున్న దేశపు సర్కారు విమానంలోనే. అది దారిలో ఇంకో ఊళ్ళో దిగి మళ్ళీ జనాన్ని ఎక్కించుకుంది. మా పక్కనున్న క్లాంగ్ ఊరి బస్సు కూడా ఇంతేనన్నారు అత్తగారు. కానీ కాళ్ళు చాపుకునేంత చోటుంది, దుప్పటి మెత్తగా ఉంది. భోజనంలో పుల్లటి దోసెలాంటి రొట్టె పెట్టారు. పిండి పులిసిపోయిందని మొహం చిట్లించిన అత్తగారే నాది కూడా లాక్కుని తిన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ విమానం పిల్ల అడక్కుండానే నాకు ఇంకోటి తెచ్చింది.

దిగాక సామాను కోసం నిలబడ్డాం. బాలింత మందులన్నీ ఆ నీలం పెట్టెలోనే ఉన్నాయి. అత్తగారు కంగారుగా నా భుజం తట్టి "బేగు మన? మన?" అన్నారు. ఎదురుగా నీలం పెట్టె వస్తోంది. మనదే అంటున్నారని ఒక్క గుంజు గుంజాను. ఎవరో పొడుగాటాయన పరుగున వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. నేను వదిలితేగా!

"ఓలమ్మ, మన అంటే ఎక్కడని అడిగినాను లా. అది మనది కాదు, ఒగ్గీ," అని అత్తగారు తల పట్టుకున్నారు. మలయ్‌లో ‘మన’ అంటే ఎక్కడ అనట, ‘లా’ ఊరికే ఊతపదం. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పాపం, ఆయనే నవ్వుతూ మా పెట్టె కూడా దింపిపెట్టాడు. ఆడపడుచుకు పురుడు బాగా జరిగింది, తల్లీ పిల్లా క్షేమం.

తిరిగొచ్చాక చుట్టాలు చూడ్డానికి వచ్చారు. వంటింట్లో టీ కాస్తుంటే, హాల్లో అత్తగారు "మన కోడలు" అనడం వినిపించింది. ఎక్కడున్నానని అడిగారో, నేను వాళ్ళదాన్నని చెప్పారో తెలియలేదు. మళ్ళీ అడగాలనీ అనిపించలేదు. కళ్ళు తుడుచుకుని "ఇక్కడే ఉన్నానత్తయ్యా" అన్నాను.

పెద్దవాళ్ళకు నా దండాలు చెప్పి, నా తరఫున దీవెనలు అడుగు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు. మన అత్తగారికి ఇష్టం. ఈ ‘మన’ మాత్రం తెలుగుదే.

ఇట్లు,
నీ చెల్లెలు
సరస్వతి