చీలిక దగ్గరి బాణం

ప్రాదాల్,
అక్టోబర్ 15, 2023

ప్రియమైన తమ్ముడు గిలెమ్‌కు,

అక్క సొలాంజ్ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నలభై రెండు గొర్రెలూ, కుంటి కుక్కా అందరం క్షేమం. అక్కడ రెయూనియన్ దీవిలో నువ్వూ, మరదలూ, పిల్లలూ, నీ సైకిల్ రిపేరు షాపూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సెప్టెంబర్‌లోనే అందింది. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. చెస్ట్‌నట్ కాయలు రాలుతున్నాయి. వంగి వంగి ఏరేసరికి నడుం నా మాట వినడం మానేసింది. ఆలస్యానికి అదొక కారణం. రెండో కారణం కాస్త ఆగి చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ ప్రశ్నలు. ఇంటి కప్పు కారడం లేదు, పగిలిన పలకరాళ్లు మార్పించాను. నా మోకాలు వాన వచ్చే ముందు రోజు మాత్రం గుర్తు చేస్తుంది. మేడమ్ వియాలా నిక్షేపంలా ఉంది. ఒంటికి తొంభై ఒకటి, నోటికి ఇంకా ఇరవై దాటలేదు. మే నెల సైకిల్ పండగకు దారి ఆమె గడ్డిచేను అంచున పోవాలి కదా, మన క్లబ్బు వాళ్లు ఎప్పటిలాగే తేనె సీసా పట్టుకుని అనుమతికి వెళ్లారు.

"పోయినేడు ఎవడో నా గేటు వెయ్యకుండా పోయాడు. ఆవులు చర్చి దాకా వెళ్లాయి. నేనే వెళ్లడం మానేసి పదేళ్లయింది, అవి నా బదులు వెళ్లొచ్చాయి!" అని వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి గంటసేపు దులిపిందట. చివరికి సీసా అందుకుని, "సరే పోండి. గేటు వెయ్యనివాడి చక్రం నేనే పొడుస్తా" అందట. అన్నంత పనీ చేస్తుందని భయపడి ఈసారి అందరూ గేటు వేశారు.

'మన బాట ఎలా ఉంది' అని అడిగావు. నువ్వు ఆ మాట ఒక్క ముక్కలో రాశావు గానీ, నేను దాన్ని చదివి చాలాసేపు కిటికీ దగ్గరే కూర్చున్నాను. నువ్వూ నేనూ నాన్న వెనకాల గొర్రెలతో కొండ ఎక్కిన బాటే అది. తాతల నాటి నుంచి వేసవికి మందలు పైకి పోయే దారి. నీకు పదకొండేళ్లప్పుడు దాని మీద నాన్న నీలం సైకిల్ దింపావు. బ్రేకులు లేవు. బూటు అడుగు వెనక చక్రానికి ఆనించి ఆపేవాడివి. నెల తిరక్కుండానే బూటుకు చిల్లు పడితే అమ్మ, "వీడు సైకిల్ తొక్కుతున్నాడా, బూట్లు తింటున్నాడా?" అని అడిగింది. నాన్న పైకి కేకలేశాడు గానీ, నువ్వు రాళ్ల మీద ఎగిరి దిగుతుంటే దొడ్డి గోడ వెనక దాక్కుని చూసేవాడు. అది నీకు తెలియదు. నాకు తెలుసు, నేనూ ఆయన పక్కనే దాక్కునేదాన్ని.

తర్వాత సైకిల్ క్లబ్బు పెట్టారు. శనివారాలు కొడవళ్లూ రంపాలూ పట్టుకుని పాత బాటలన్నీ తెరిచారు. నువ్వు ముందు ముళ్లకంప కొట్టుకుంటూ పోతే, నీ వెనక నీ ప్రాణస్నేహితుడు రెజిస్ చెట్లకు బాణం పలకలు కొట్టుకుంటూ వచ్చేవాడు. మధ్యాహ్నం గోడ మీద కూర్చుని ఒకే కత్తితో రొట్టె, సాసేజ్, మేకపాల జున్ను కోసుకుని తినేవారు. నేను సీసాలో చల్లటి నీళ్లు తెచ్చేదాన్ని. వాడు తాగి నీకిస్తే, నువ్వు మిగిలినవన్నీ వాడి నెత్తిన పోసేవాడివి.

బాట బాగుంది తమ్ముడూ. పసుపు పూల పొదలు రెండు వైపులా అలాగే పూస్తున్నాయి. కాకపోతే ఇప్పుడు బ్యాటరీ సైకిళ్లొచ్చాయి. రిటైరైన మన పోస్ట్‌మాన్ ఈల వేసుకుంటూ రాతిమెట్ట ఎక్కేస్తున్నాడు. వెనక కుర్రాళ్లు రొప్పుతూ, "తాతా, అది సైకిల్ కాదు, మోసం!" అని అరిస్తే, "యాభై ఏళ్లు మీ ఉత్తరాలు మోసుకుని ఇదే మెట్ట ఎక్కానురా. ఇంకా మోయమంటారా?" అంటాడు.

ఇక నీ చివరి ప్రశ్న. 'చీలిక దగ్గర ఇప్పుడు బాణం ఎవరు కొడుతున్నారు? వాడి పేరు మాత్రం రాయకు' అన్నావు. ఆ పేరు రాయకుండా జవాబు రాయలేకనే ఇన్నాళ్లు పట్టింది, పైన ఒకసారి రాసేశాను కూడా.

బాట మిల్లు వైపూ, దొడ్డి వైపూ రెండుగా చీలే ఆ చోట బాణం లేదు. తొంభై రెండు తర్వాత ఎవరూ కొట్టలేదు. పండగ రోజున రెజిస్ తెల్లవారగానే వెళ్లి ఆ చీలిక దగ్గర నిలబడతాడు. కుడిచెయ్యి చాపి అందరికీ దారి చూపిస్తాడు. వానొచ్చినా, వడగళ్లు పడినా చివరి సైకిల్ దాటేదాకా కదలడు. పిల్లలు వాడిని 'బాణం గారూ' అని పిలుస్తారు. "బాణం గారూ, చెయ్యి నొప్పెడుతోందా?" అంటే, "ఈ చెయ్యి తుప్పు పట్టదురా, పోండి" అంటాడు.

నాలుగోసారి మొదలుపెట్టిన ఉత్తరం ఇది. ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ చింపేశాను. ఈసారి చింపను.

తొంభై రెండులో పందెం జరిగిన ఆ ఏప్రిల్ ఆదివారం నీకు గుర్తు చెయ్యనక్కర్లేదు. ప్రాంతీయ జట్టుకు మనుషుల్ని ఎంచే కోచ్ వచ్చి ఊళ్లో ముగింపు గీత దగ్గర నిలుచున్నాడు. నువ్వు అందరికన్నా చాలా ముందున్నావు. చీలిక దగ్గర బాణం మిల్లు వైపు చూపిస్తే అటే దిగావు, వాగు దగ్గర దారి తెగిపోయింది. నువ్వు సైకిల్ భుజాన వేసుకుని పైకి ఎక్కేసరికి నలభై మంది దాటిపోయారు. మిగతా వాళ్లంతా బాణం దొడ్డి వైపే చూపించిందన్నారు. ఒక్కడు కూడా నీ మాట నమ్మలేదు. గెలిచింది రెజిస్ వాళ్ల అన్న. తర్వాత భోజనాల దగ్గర, సూప్ గిన్నెల ముందు, ఊరందరూ చూస్తుండగా నువ్వు రెజిస్ కాలర్ పట్టుకున్నావు.

"ఒరే, మీ అన్న కోసం బాణం తిప్పావు కదరా! నేను పోగానే మళ్లీ సరిచేశావు కదూ?" అని వాడి మొహం మీద కొట్టావు. వాడు ముక్కు తుడుచుకుని బాణాలు ఏరుకు రావడానికి కొండ ఎక్కాడు. నువ్వు ఆ శరదృతువులోనే దీవికి వెళ్లిపోయావు.

గిలెమ్, బాణం తిప్పింది నేను.

ఆ ఉదయం నెగ్రెట్ ఈనుతోంది. మన నల్ల గొర్రె, నువ్వు సీసా పాలతో పెంచినదే. బాట పక్కన రాతిదొడ్డిలో పడుకుంది. పిల్ల అడ్డం తిరిగింది. నాన్న చెయ్యి పెద్దదని నన్నే చెయ్యి పెట్టమన్నాడు. రెండు వందల సైకిళ్లు ఈలలు వేసుకుంటూ పక్కనుంచి పోతే అది బెదిరి చస్తుందని నాకు భయం వేసింది. నీళ్లు తెస్తానని చెప్పి పైకి పరిగెత్తి బాణాన్ని మిల్లు వైపు తిప్పాను. అందరూ అటే పోతారు, అందరికీ ఓ పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. మార్చి వరదకు వాగు మీది వంతెన కొట్టుకుపోయిందని నాకు తెలియదు. దొడ్లోకి వచ్చాక పైన ఒకే ఒక్క సైకిల్ చప్పుడు వినిపించింది. కాసేపటికే పిల్ల బయటపడి అరిచింది. తల్లికీ పిల్లకూ ఒకే అంకె నీలం రంగుతో వేసి, చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తి బాణాన్ని మళ్లీ సరిగ్గా తిప్పేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆ ఒక్క సైకిల్ నీదని ఊళ్లోకి వచ్చాకే తెలిసింది.

అప్పుడే చెప్పాల్సింది. నువ్వు వాడిని కొడుతుంటే మూడు బారల దూరంలో సూప్ గరిటె పట్టుకుని నిలబడ్డాను. నువ్వు నన్ను అసహ్యించుకుంటావని భయపడ్డాను. సాయంత్రం చెబుదాం అనుకున్నాను, వారం తర్వాత అనుకున్నాను, నువ్వు వెళ్లిపోయావు. తర్వాత చెప్పకపోవడం అలవాటైపోయింది. నేను పిరికిదాన్ని, అంతకన్నా వేరే మాట లేదు.

ఈ ఆగస్టులో రెజిస్, నేనూ బాట మీద ముళ్లకంప కొడుతున్నాం. వాడు వంచిన తల ఎత్తకుండానే, "సొలాంజ్, నా వంటింట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఎప్పుడూ ఖాళీయే" అన్నాడు.

"కుర్చీ కోసం పెళ్లి చేసుకుంటారా ఎవరైనా?" అన్నాను.

"కుర్చీతో మొదలుపెడదాం. మిగతాది మేయర్ చూసుకుంటాడు."

నవ్వబోయి ఏడ్చేశాను. "రెజిస్, ఆ బాణం తిప్పింది నేను" అని చెప్పేశాను.

వాడు ఇంకో కొమ్మ నరికి పక్కన పడేసి, "తెలుసు" అన్నాడు.

వాడి కొట్టంలోకి తీసుకెళ్లి పాత వార్తాపత్రికలో చుట్టిన ఆ బాణం పలక చూపించాడు. దాని వెనక నీలం రంగు బొటనవేలి ముద్ర ఉంది, చిన్నది. "ఆ సాయంత్రం బాణాలు ఏరుతుంటే కనిపించింది. ఈ కొండ మీద నీలం రంగు మీ నాన్న గొర్రెలకే కదా" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు? మావాడు నిన్ను అంతమందిలో కొట్టాడే!"

"వాడికి స్నేహితుడు పోతే ఇంకొకడు దొరుకుతాడు. అక్కవి నువ్వొక్కదానివే కదా."

గిలెమ్, వచ్చే మేలో పండగకు ముందు శనివారం మేయర్ ఆఫీసులో, రిజిస్టరులో సంతకాలతో మా పెళ్లి. అసలు సంగతి నీకు చెప్పకుండా సంతకం పెట్టలేనన్నాను. వాడు సరేనన్నాడు, ఒక్క కోరిక మాత్రం కోరాడు. వాడి తరఫు సాక్షిగా నువ్వు సంతకం పెట్టాలట. నా తరఫున కాదు, వాడి తరఫున. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించలేకపోతే నాతో మాట్లాడకు, నేను అర్థం చేసుకుంటాను. కానీ వాడి కోసం మాత్రం రా.

ఈ ఉత్తరంతో పాటు ఆ పలకను పెట్టెలో పెట్టి పంపుతున్నాను. వెనక వైపు తిప్పి చూడు, ఆ వేలు నాదే. వచ్చేటప్పుడు దాన్ని తీసుకురా. సుత్తీ మేకులూ ఇక్కడున్నాయి. చీలిక దగ్గర చెట్టుకు నీ చేత్తో నువ్వే కొట్టు. వాడు ముప్పై ఒక్క ఏళ్లుగా చాపిన చెయ్యి ఇక దించుకుంటాడు.

ఇట్లు,
నీ జవాబు కోసం పోస్టు బండి చప్పుడు వింటూ కూర్చునే
నీ అక్క,
సొలాంజ్