కండపోగు లోపలి తలుపు

షాదీపూర్

నా ప్రాణమైన చెల్లీ సుమా,

ఈ సంగతి నీకే చెబుతున్నాను. ఫీనిక్స్ బే జెట్టీ మెట్ల మీద పడి వెన్ను దెబ్బతిన్నా నేను నిలబడే వాక్యం చెబుతున్నానని సంఘమంతా మహిమగా చెప్పుకుంటోంది. దేవుడే నిలబెట్టాడని నేనూ గర్జించాను. డాక్టరమ్మ సింధూరి ఏమందో తెలుసా?

"ఆంటీ, కండలు బిగుసుకుపోయి మీ కాళ్ళు కర్రల్లా నిలుస్తున్నాయి. మీ నొప్పి కూడా ఆ బిగుపే. ఈ గోలీతో దర్ద్ తగ్గుతుంది, లేకిన్ నిలబడలేకపోవచ్చు."

మీ బావ కన్నారావు ఊరుకుంటాడా? "ప్రతి ఆదివారం ఎత్తి నిలబెట్టేది నేను. మహిమేమో కాళ్ళకి!" అన్నాడు.

మిగతా మందులు నరాల దగ్గరే ఆగిపోతాయట. ఈ గోలీ మందు డాంట్రోలిన్ మాత్రం నెత్తుటితో వచ్చి, కండపోగు గోడ దాటి లోపలికే దూరుతుందట. అక్కడ సన్నని సంచుల్లో కాల్షియం దాగి ఉంటుంది. నరం ఆజ్ఞ అందగానే తలుపు తెరుచుకుని అది పొంగుతుంది, పోగు ముడుచుకుంటుంది. ఈ మందు ఆ తలుపును పూర్తిగా తెరుచుకోనివ్వదు. వెంటనే అడిగాను.

"గుండె కూడా కండే కదమ్మా, ఆగిపోదా?"

"గుండెలో తలుపు వేరే రకం ఆంటీ. ఈ మందు దాని జోలికి పెద్దగా పోదు."

కూర్చున్న కుర్చీలోనే స్తోత్రం చేశాను సుమా! ఆదామును నిద్రపుచ్చి పక్కటెముక తీసినవాడికి, గుండెకు వేరే తలుపు పెట్టడంలో ఎంత ముందుచూపు!

అయినా గోలీ వద్దని వచ్చేశాను. నేను కూలబడితే నా సాక్ష్యం ఏమైపోతుంది?

నీ అక్క,
బేబీరాణి

షాదీపూర్

బంగారు సుమా,

"నొప్పికి దేవుడి పేరు పెడతావేంటక్కా" అని రాశావు. చదివి మండిపడ్డాను. నీతో లోలోపలే పోట్లాడి ఓడిపోయి, గోలీలు మొదలుపెట్టాను. ఈ మందు కాలేయానికి హాని చేస్తుందేమోనని రక్తపరీక్షలూ చేయిస్తున్నారు. నొప్పి ఆటు వేళ సముద్రంలా వెనక్కి తగ్గింది. కాళ్ళూ మెత్తబడ్డాయి.

ఆదివారం మీ బావ లేపబోతే వద్దన్నాను. ప్రభువు పడవలో కూర్చునే బోధించాడు కదా! "ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది బిగుపు. అది మహిమ కాదు. మహిమ ఎక్కడుందో చెబుతాను వినండి" అని కండపోగు సంగతంతా చెప్పాను.

ప్రార్థన ముగిశాక, ఎప్పుడూ గుమ్మం బయటే ఉండిపోయే గవరయ్య తాత గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

"నాకూ మోకాళ్ళు లెగవట్లేదమ్మా. మీరు లెగుస్తుంటే నా నమ్మకమే తక్కువనుకున్నాను. ఇకమీద నేనూ లోపల కూకుని పాడొచ్చా?"

పక్కకు జరిగి, ఆయనకు చోటిచ్చాను.

నీ అక్క,
బేబీరాణి