రాణి రెండో స్లైడు

మంగళవారం రాత్రి, తిరుత్తణి

నర్సు చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూలబడ్డాను. మగ్గాల వీధి రాణికి చేసిన గర్భాశయ ముఖద్వార పరీక్ష రిపోర్టు ఇవాళ తిరువళ్ళూరు ల్యాబు నుంచి వచ్చింది.

మొదటిసారి స్లైడు మీద చూడటానికి కణాలే చాలలేదన్నారు. ఎలా చాలుతాయి? డాక్టరమ్మ ముందు సిగ్గుపోతుందని, కొండకు పోయేటప్పటిలా తలంటుకుని, పసుపునీళ్ళతో లోపలిదాకా కడుక్కుని వచ్చింది మరి. రెండోసారి అలా కడగొద్దని నేనే గట్టిగా చెప్పాను. ఈసారి కణాలు దొరికాయి. వాటిలో వైరస్ గుర్తులూ దొరికాయి.

రాణిని ఆసుపత్రికి పిలిపించి, ఇది క్యాన్సర్ కాదని, ఇంకో పరీక్ష చేయించుకోవాలని నెమ్మదిగా చెప్పాను. రాణి నా మొహంలోకి చూసింది.

"కడిగినప్పుడు ఏమీ లేకపోయె. నువ్వు వద్దంటివి, నేను కడగలా. అందుకే గదక్కా ఈ పురుగు వచ్చినాది?"

అది ఎప్పుడో వచ్చి ఉంటుందని ఎన్ని రకాలుగా చెప్పానో. తల ఊపింది గానీ నమ్మలేదు. బయట వరండాలో వాళ్ళ వదిన కూర్చుని ఉంది. ఆమెకు పరీక్ష రేపు. రాణి ఆమె చెయ్యి పట్టుకుని లేపుతూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"నువ్వు మాత్రం బాగా కడుక్కోని రా వదినా."