నాసిక్ నుంచి మురుగుకాలువ దాకా

అల్లవరం,
12-6-1983.

చి. దయామణికి మామయ్య రాయునది.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మీ అత్త పులుసులో ఉప్పు గురించి ఈ ఇంట ఎవరూ నోరెత్తరాదు.

ఇక నీ సంగతి. గ్రూప్ వన్ ఒకసారి పోయిందని మళ్లీ రాయనన్నావట. నువ్విక్కడ వదిలేసిన జవాబుల నోటుబుక్కు అమలాపురంలో రిటైరైన ఎగ్జామినరుగారొకరికి చూపించాను. కోనసీమలో మురుగునీరు ఎందుకు నిలుస్తోందని ప్రశ్న. నువ్వు గోదావరిని నాసిక్ దగ్గర పుట్టించి మన మురుగుకాలువకి తెచ్చేసరికి నాలుగు పేజీలయ్యాయి.

"పిల్లకి అన్నీ తెలుసండీ. అడిగింది మాత్రం ఆఖర్న చెప్తోందండీ. మొదటి వాక్యంలోనే కాలువ కనపడాలండి, ఆయ్!" అన్నారాయన.

అలా తిరగరాసి పంపు. మళ్లీ ఆయనకే చూపిస్తాను.

సరే, ఎగ్జామినరు ఎవరూ లేరు. చదివింది ఎనిమిదో తరగతి తప్పిన నేనే. మేనకోడలివి కాబట్టి నాలుగో పేజీ దాకా వచ్చాను. పరీక్షలో పేపరు దిద్దేవాడు నీకు మేనమామ కాడు.