పెద్దక్క కాళ్ళకో పాటల డబ్బా

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క రేడియో తప్ప.

మొన్న మంగళవారం మన టైలరింగ్ షాపులో రేడియో పోయింది. పదహారేళ్ళు పాడింది పాపం. ఇదివరకు మూడు దెబ్బలు కొడితే పలికేది, ఇప్పుడు ముప్పై కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. నవ్వకు. మన షాపులో పెద్ద కుట్టుమనిషి పెద్దక్క సంగతి నీకు తెలుసుగా? ఆవిడ పాట లేనిదే మిషను తొక్కదు. హుషారు పాటైతే పావుగంటలో నిక్కరు చేతికొస్తుంది. ఏడుపు పాటైతే కాలరు దగ్గరే సాయంత్రమైపోతుంది. అసలు పాటే లేకపోతే ఆవిడ కాళ్ళు కదలవు, ఆవిడ కదలకపోతే మిగతా ముగ్గురూ కదలరు.

స్కూలు తెరిచేలోపు మూడు వందల జతల యూనిఫారాలు ఇవ్వాలి. ఇవ్వలేకపోయానో, వచ్చే ఏడాది ఆర్డరు ఎదురు టైలరుషాపు మాస్టరుకి పోతుంది. వాడప్పుడే పెద్దక్కకి కబురు పెట్టాడు, మా షాపుకొస్తే పొద్దస్తమానం పాటలు వేయిస్తానని. ఆవిడ పోతే నేను షట్టరు దించుకోవడమే.

నువ్వు ఇన్సూరెన్సు ఆఫీసులో పగలంతా చెవుల్లో వైర్లు పెట్టుకునే పని చేస్తావని మీ అమ్మ గొప్పగా చెప్పింది. కాబట్టి ఆ విషయంలో నువ్వే పండితుడివి. జేబులో పట్టేంత పాటల డబ్బా, మంచి సౌండు ఉన్నది, ఒకటి చూసి పంపు. నాలుగు చొక్కాల కుట్టుకూలి ఎంతో అంతలో రావాలి.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: ఫోన్ చెయ్యకు. పోయినసారి నువ్వు 'ప్రమోషనొచ్చింది' అంటే మిషన్ల మోతలో నాకు 'మోషన్సొచ్చాయి' అని వినపడి, మీ అత్తయ్య చేత మందు పార్సిలు చేయించాను.

*

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాకు బాధేసింది. 'మంచి సౌండు' అని ఎంత తేలిగ్గా రాసేశావు మావయ్యా! మంచి సౌండంటే గట్టిగా అరవడం కాదు. పదేళ్ళుగా ఈ చెవుల్ని అందుకే కాపాడుకుంటూ వస్తున్నాను. నీ కోసం సెలవు పెట్టి ఇరవై ఏడు ప్లేయర్లు పోల్చి చూశాను.

కొనేముందు నువ్వు గమనించాల్సినవి రాస్తున్నాను, ఎవరికైనా చూపించి అర్థం చేసుకో. ముఖ్యంగా బేస్ బలంగా ఉండాలి. ట్రెబుల్ మరీ ఎక్కువ ఉండకూడదు గానీ, కొంచెం ఉండాలి. లోపల ఇద్దరు డ్రైవర్లు ఉంటే మేలు, ఒక్క డ్రైవర్ మీద భారం పడకూడదు. అన్నిటికన్నా సౌండు వెచ్చగా ఉండాలి. వెచ్చదనం లేని పాట పాటే కాదు.

తొందరపడకు. సంగీతం ఓపిక నేర్పుతుంది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: నువ్వు చెప్పిన డబ్బుకి అలాంటి ప్లేయరు వచ్చే అట్టపెట్టె వస్తుంది. అట్ట మాత్రం చాలా నాణ్యమైనది.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు ఓపిక నేర్చుకుంటున్నావు, నాకిక్కడ యూనిఫారాలు కొండలా పేరుకుపోతున్నాయి. నలభై జతలే అయ్యాయి. పెద్దక్క కాళ్ళు ఆడించడానికి నేనే పాడాను. రెండో చరణంలో ఆవిడ లేచి నీళ్ళు తాగి, 'మాస్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను' అంది.

నీ ఉత్తరం షాపులో అందరి ముందూ చదివించాను. మాకు కొన్ని అనుమానాలు. బేసు బలంగా ఉండాలన్నావు, సరే. మిషనుకైనా అడుగున బేసే ముఖ్యం, లేకపోతే గడగడా ఊగుతుంది. కానీ ట్రబుల్ కొంచెం ఉండాలంటావేమిట్రా? డబ్బు పోసి ట్రబుల్ ఎవడైనా కొంటాడా? ఆ చచ్చిన రేడియో చేసింది అదేగా! ఇక ఇద్దరు డ్రైవర్లు. జేబులో పెట్టుకునే డబ్బాకి ఒక్క డ్రైవరే ఎక్కువ కాదూ? వాళ్ళకి జీతం నువ్విస్తావా, నేనివ్వాలా?

ఈ మాటలన్నీ నాకు తలకెక్కకపోయినా ఎదురుషాపు మాస్టరుకి బాగా ఎక్కాయి. వాడు నల్లదారం అడగడానికి వచ్చి, నీ ఉత్తరం పట్టుకుని అరగంట నిలబడ్డాడు. దారం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

బాబ్బాబు, ఏదో ఒకటి పంపించు. వారం గడువిచ్చింది పెద్దక్క.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: వెచ్చగా ఉండాలన్నది మాత్రం మా ఇస్త్రీ అతనికి తెగ నచ్చింది. 'మీ మేనల్లుడికి పని తెలుసు' అన్నాడు.

*

మావయ్యకి నమస్కారాలు.

ట్రబుల్ కాదు, ట్రెబుల్, అంటే సన్నటి స్వరం! డ్రైవర్లంటే మనుషులు కాదు, లోపల శబ్దం పుట్టించే బిళ్ళలు! నా ఉత్తరాలు దారాలకొచ్చిన వాళ్ళకి చూపిస్తే ఇలాగే ఉంటుంది. ఇదంతా నేను చెవులు అరగదీసుకుని సంపాదించిన విద్య. దయచేసి ఆ మాస్టరు కంట పడనివ్వకు.

నీ కష్టం చూడలేక, నీ డబ్బుకి నాది కొంత కలిపి, ఈ పార్సిల్లో ప్లేయరు పంపుతున్నాను. అగ్గిపెట్టెంత ఉంటుంది, సౌండు మాత్రం అమోఘం. బయటికి వినపడదు, చెవుల్లో వైర్లు పెట్టుకోవాలి. పెద్దక్క ఒక్కతికి చాలుగా? పాటలు మామూలువి కాదు, సౌండులో ఏమాత్రం నష్టం లేకుండా తీసినవి. ఒక్కో పాట చాలా చోటు తింటుంది కాబట్టి మూడే పట్టాయి. మిగిలిన కాస్త చోటులో సౌండు పరీక్షకి పనికొచ్చే ధ్వనులు వేశాను. రైలు, గాజు పగలడం, వర్షం.

ఒక్క ముఖ్య విషయం. రాగానే వాడెయ్యకండి. నలభై గంటలు బర్న్ చెయ్యాలి. అప్పుడుగానీ వెచ్చదనం రాదు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: బర్న్ చేసేటప్పుడు పక్కనే కూర్చోనక్కర్లేదు. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు.

*

మేనల్లుడా,

ఆశీస్సులు తరవాత చూద్దాం.

పార్సిలు వచ్చింది. పెద్దక్క ఆగలేక ముందే చెవుల్లో పెట్టేసుకుంది. ముందు రైలొచ్చింది. ఆవిడ 'ఓరి నాయనోయ్!' అని కుర్చీ మీదికెక్కింది. తరవాత గాజు పగిలింది. కాజాలు కుట్టే అమ్మాయి ఒక వైరు తన చెవిలో పెట్టుకుని, కిటికీ అద్దమే అనుకుని చీపురు తేవడానికి లేచింది. ఇద్దరినీ ఒకే వైరు కట్టేసింది కదా, పెద్దక్క కూడా వెంటబడి వెళ్ళింది, ఆవిడ చేతిలో ఉన్న పాంటుతో సహా. ఆ పాంటుకి ఇప్పుడు ఒక కాలే ఉంది.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, వాడేముందు బర్న్ చెయ్యాలని. బర్నంటే కాల్చడమని ఇస్త్రీ అతను చెప్పాడు, వాడు మూడో క్లాసు దాకా చదివాడు. 'నలభై గంటలు నా వల్ల కాదు, సన్నసెగ మీద ఒక్కరోజు పెడతాను' అన్నాడు. తడిగుడ్డ చుట్టి, జాగ్రత్తగా, ఇస్త్రీ పెట్టె కింద పెట్టి, నువ్వు చెప్పినట్టే దాని మానాన దాన్ని వదిలేశాడు.

ఇప్పుడది అట్టులా ఉంది.

పెద్దక్క తన కత్తెరని సంచిలో వేసుకుంది. ఆవిడ కత్తెర ఇంటికి తీసుకెళ్ళిందంటే మళ్ళీ రాదన్నమాట. సగానికి పైగా యూనిఫారాలు ఇంకా గుడ్డముక్కలుగానే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ షాపు ఒక పాట లేక మూతపడుతుందంటే ఎవరికి చెప్పుకోను?

ఇట్లు,
మావయ్య

తా.క.: వెచ్చదనం మాత్రం నిజమే. వేలు కాలింది.

*

మావయ్యకి,

బర్న్ చెయ్యడమంటే ఊరికే పాడిస్తూ ఉంచడం! నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. తప్పు నాదే. నువ్వు పాటలడిగావు, నేను పాఠం చెప్పాను.

ఇక చౌకబేరాలు వద్దు. నిలువెత్తు స్పీకరు ఒకటుంది, దాని వివరాలు విడి కాగితం మీద రాశాను. ఇప్పటిదాకా నేను విన్న స్పీకర్లన్నిటిలో మొదటి స్థానం ఇచ్చింది దానికే. నా జీవితాశయం అది. ఒక మిషను అమ్మేసైనా కొనుక్కో.

ఇట్లు,
సిగ్గుతో, నీ మేనల్లుడు

తా.క.: అది జేబులో పట్టదు. దాని జేబులో నువ్వు పడతావు. వీధి అవతలి గోడ దాకా ఒక్క అక్షరం చెడకుండా వినిపిస్తుంది.

*

చిరంజీవి, మహాపండితుడైన మేనల్లుడికి,

మావయ్య, అత్తయ్య, పెద్దక్క, ఇస్త్రీ అతను అందరి ఆశీస్సులు. మూడు వందల జతలూ రెండు రోజుల ముందే ఇచ్చేశాను. వచ్చే ఏడాది ఆర్డరు కూడా మనదే!

నీ తా.క. చదివి చాలాసేపు ఎదురుగోడ కేసి చూస్తూ కూర్చున్నాను. తరవాత నీ విడి కాగితాన్ని కౌంటరు మీద మర్చిపోయాను. కావాలనే మర్చిపోయాను. ఎదురుషాపు మాస్టరు గుండీలకని వచ్చి, గుండీలు మర్చిపోయి, కాగితం గుర్తుపెట్టుకుని వెళ్ళాడు. మర్నాడే మిషను ఒకటి అమ్మేశాడు. మూడోరోజు నలుగురు మనుషులు ఆ స్పీకరు దింపారు. పెద్దక్కకి వినపడాలని దాన్ని సరిగ్గా మన షాపు వైపే తిప్పి పెట్టాడు.

ఆవిడ కత్తెర సంచితో వీధి దాటింది. నేను తల దించుకుని కాజాలు లెక్కపెట్టుకుంటున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. పావుగంటలో తిరిగొచ్చేసింది! 'దగ్గర కూర్చుంటే చెవులు దిమ్మెక్కిపోతున్నాయి మాస్టరుగారూ, పాట ఇక్కడికే బాగా వినపడుతోంది' అని తన కుర్చీలో కూర్చుని మిషను తొక్కింది. ఆ చప్పుడుకన్నా మంచి సౌండు నేను పుట్టి ఇంతవరకు వినలేదురా. నిన్నటి నుంచి అక్కడి కుట్టేవాళ్ళిద్దరు కూడా చెవులు నొప్పని మన దగ్గరికే వచ్చేశారు. వాడు అమ్మిన మిషను ఎవరు కొన్నారని అడగవేం? నేనే.

నువ్వు కలిపిన డబ్బు, నా నాలుగు చొక్కాల కూలి పోయాయనుకోకు. నీకు రెండు చొక్కాలు కుట్టి పంపుతున్నాను. చెవి వైర్లకి లోపల చిన్న జేబు పెట్టాను.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: పెద్దక్కకి పాట నచ్చకపోతే ఇక్కడి నుంచి చెయ్యి ఊపుతుంది, అక్కడ మాస్టరు లేచి మారుస్తాడు. ఆవిడ మనసు మారుతుందని వాడికింకా ఆశ.

ఇంకో తా.క.: నీ ప్లేయరు పారెయ్యలేదు. ఫ్యాను గాలికి కొలతల కాగితాలు ఎగరకుండా మీద పెట్టాను. అంగుళం కూడా కదలడం లేదు. నువ్వన్నది నిజమేరా, బేసు బాగుంది.